బర్జిల్లయి విడిచిన పాట
ధ్యానభాగము: 2 సమూయేలు 19:31–39



సికింద్రాబాదులో యౌవనస్థుల కూడిక ముగిసిన పిమ్మట ఒక చిన్నవాడు ఒక ప్రశ్న వేసెను. "జీవితాంతము ఒకే ఒక ఆల్బము వినవలసివచ్చిన యెడల దేనిని కోరుకొందురు?" ఒకరు క్రిస్మసు పాటలనిరి, ఒకరు సినిమా పాటలనిరి. మేమును నవ్వితిమి గాని, ఇల్లు చేరిన తరువాత ఆ ప్రశ్న మమ్మును విడువలేదు.

పూర్వము గ్రామఫోను పళ్లెమునకు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. కొన్ని పళ్లెములను ఫోటోల పుస్తకమువంటి దానిలో భద్రపరచుటచేత దానికి ఆల్బమను పేరు వచ్చెను. 1948లో పెద్ద పళ్లెములు వచ్చినను ఆ పేరే నిలిచెను. నేడు వేలకొలది పాటలు జేబులోని ఫోనులో ఇముడుచున్నవి. ఇంగ్లాండులో 1942లో ఆరంభమైన ఒక బి.బి.సి. రేడియో కార్యక్రమములో, ఒంటరి దీవికి తీసికొనిపోవుటకు ఎనిమిది రికార్డులు ఎన్నుకొనుమని అతిథిని అడుగుదురు. చివరకు ఆ ఎనిమిదింటిలో ఒక్కటే దక్కునన్నచో ఏదని అడుగుదురు. అక్కడనే చిక్కు వచ్చును.

ఏలయనగా ఎంత తీయనిదైనను నిత్యము వచ్చినచో విసుగు పుట్టును. ఆకాశమునుండి కురిసిన మన్నాయే ఇశ్రాయేలీయులకు చప్పబడెను. అంతేగాక, "నిత్యము వినుట" మన చేతిలో ఉన్నదా?

ఎనుబది యేండ్ల బర్జిల్లయిని చూడుడి. తన్ను ఆపదలో పోషించిన ఆ వృద్ధుని దావీదు యెరూషలేమునకు రమ్మనెను. పిలిచినవాడు స్వయముగా గొప్ప గాయకుడు. ఆయన నగరులో పాటకు కొదువ యుండునా? అయితే గాయనీ గాయకుల స్వరము ఇక తన చెవికి అందదని బర్జిల్లయి ఒప్పుకొని, తనకు బదులుగా కింహామును పంపెను. తనకు రావలసిన పాటను పడుచువానికి విడిచెను.

మేమెరిగిన ఒక సంఘములో చెవులు వినబడని వృద్ధమాత యున్నది. ప్రక్కవారి పెదవులు చూచి, కీర్తన ఏదో గ్రహించి, అర చరణము వెనుకగా పాడును. ఒకనాడు మేము ఊరకుండుమని ఆమెకు సైగ చేసితిమి. ఆమె వెంటనే ఆపివేసెను. ఆనాటి నుండి ఆమె మౌనము మాకు బరువైనది. తరువాత మేము వెళ్లి క్షమాపణ వేడుకొంటిమి. ఆ కీర్తన తన తల్లి నాట్లు వేయుచు నేర్పినదని ఆమె చెప్పెను. చెవి మూయబడినను ఆమె పాట పోలేదు. దానిని ఆపుటకు మేమే చాలితిమి!

పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునందు నిద్రించిరి. అప్పుడు మన పల్లెలలో రికార్డులు లేవు. అయినను ఆయన కీర్తనలు నోటినుండి నోటికి నడిచి మనయొద్దకు వచ్చినవి.

కాబట్టి ఆ చిన్నవానికి మా జవాబు ఇది: మన చెవికి ఎక్కువ ఇంపైనదానిని గాక, మన చెవి మూయబడిన తరువాతను మనలో మిగులుదానిని, మరియొకరికి ఇయ్యగలదానిని కోరుకొందము. ఈ మాసమున కుటుంబ ప్రార్థనలో, ఫోను ప్రక్కన పెట్టి, ఒక్క కీర్తనను చివరి చరణమువరకు ఒక బిడ్డకు నేర్పుదము. అర చరణము వెనుకబడిన స్వరము వినబడినయెడల, దానికొరకు కొంచెము ఆగుదము.