తిండి కలిగినవాని దోషము

రోగిని నిందించుట తగునా యను ప్రశ్న క్రొత్తది కాదు. కుష్ఠునకును క్షయకును పూర్వజన్మపాపమే కారణమని చెప్పిన కాల మొకటి యుండెను. ఆ మాటను నేడు చదువుకొన్నవా రెవరును పైకి ననరు. అయినను స్థూలకాయము, మధుమేహము, రక్తపుపోటు అను మూడింటి విషయమున మాత్రము మనము పూర్వజన్మమును విడిచి, యీ జన్మమునందే పాపమును వెదకి పట్టుకొన్నాము. తిండిపోతుతనము, సోమరితనము అనునవే యా పాపములు. పట్టణములలోని కలవారి విషయమున నీ తీర్పు కొంత చెల్లునేమో. కరీంనగరము, ఆదిలాబాదు సీమల పల్లెలకు దీనిని వర్తింపజేయుట న్యాయమా యని మా సందేహము.

ఈ సందేహము మాకు పుస్తకములవలన కలుగలేదు. జగిత్యాల ప్రాంతమున నొక పల్లెలో రక్తపరీక్షలు జరుగుచుండగా పాఠశాల పక్షమున మేమును సాయముగ నుంటిమి. బీడీలు చుట్టి జీవించు నొక యరువదేండ్ల యమ్మ వంతు వచ్చెను. పరగడుపున నెత్తురులో చక్కెర 126కు చేరినచో మధుమేహమని వైద్యుల లెక్క; ఆమెకు రెండువందలు దాటినది. వ్రాయుచున్న యువకుడు కాగితమునుండి తల యెత్తకయే "మూడు పూటల అన్నమే తింటే రాదా మరి?" అనెను. ఆమె కోపగింపలేదు. "బువ్వ లేక మా అవ్వ గట్క తిని బతికింది బిడ్డా. నాకు బువ్వ దొరికినంక తినొద్దంటవా?" అని మాత్ర మడిగెను. యువకుడు నవ్వెను. మాకు నవ్వు రాలేదు.

ఆమె చెప్పినది యక్షరాల నిజము. పోచంపాడు వద్ద గోదావరిపై 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరపు నీరు కాకతీయ కాలువ వెంట పారకమునుపు, కరీంనగరపు మెట్టపల్లెలలో వరియన్నము పండుగకును పెండ్లికిని సంబంధించిన వస్తువని పెద్దలు చెప్పుదురు. తక్కిన దినములలో జొన్న గట్క, మక్క గట్క, అంబలి. ఉట్నూరు కొండలలోని గోండుల యిండ్లను గూర్చి చెప్ప నక్కరయే లేదు. అక్కడ జొన్నయే యన్నము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. 2023 జనవరినుండి ఆహారభద్రతా చట్టము క్రింద నా రెండు రూపాయలును అక్కరలేకపోయినవి. 2025 ఉగాదినుండి తెలంగాణమున మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యమే లభించుచున్నది. తలి యాకలి తీరని యింట కూతురు కడుపునిండ తినుచున్నది. ఇది చిన్న విషయము కాదు. దీనిని తేలికచేసి మాటాడువారి కడుపు ఎన్నడును కాలియుండదని మా యనుమానము.

అయితే అన్నము వచ్చుచుండగనే పని పోయినది. మోట పోయి మోటారు వచ్చెను. కోతకు యంత్రము, దుక్కికి ట్రాక్టరు, పిండికి గిర్ని. దంచుట, విసరుట అను మాటలకు మా విద్యార్థులకు అర్థము చెప్పవలసివచ్చుచున్నది. మిగిలిన పనులలో ముఖ్యమైన బీడీపని ప్రొద్దుననుండి మాపటివరకు ఒడిలో చాట పెట్టుకొని కదలక చేయవలసినది. శ్రమను విడిచినవారు వీరు కారు. శ్రమయే రూపు మార్చుకొని వీరిని కూర్చుండబెట్టినది. ఆ యమ్మ ప్రొద్దుగూకువరకు చుట్టిన బీడీల నెంచిచూచినవాడు ఆమెను సోమరి యనగలడా?

ఇచ్చట మాకు సుశ్రుతము జ్ఞప్తికి వచ్చుచున్నది. ప్రమేహము పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది యొకటి యని యాచార్యుడు రెండుగ విభజించెను. చికిత్సాస్థానము పదునొకండవ యధ్యాయమున నాతడు చెప్పిన వైద్యము విచిత్రమైనది. పేదవాడు గొడుగును చెప్పులును లేక, మునివలె నూరు యోజనములు నడువవలెను. గొప్ప ధనవంతుడు శ్యామాకము వంటి తృణధాన్యములును, నీవారమను అడవివరియు తినుచు మృగములతో గూడి వసింపవలెను. కొందరు ఎల్లప్పుడు దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను. చదువరులు గమనించియే యుందురు: ధనవంతునకు మందుగ విధించిన యీ జీవనము మన తాతలకు పేదరికము విధించినదే. చెప్పులులేని నడక, ముతక ధాన్యము, బావి త్రవ్వుట, ఇవన్నియు వారికి కొరత లేకుండ నుండెను. దానిని వారు ఆరోగ్యమని యెన్నడును అనుకొనలేదు, కష్టమనుకొన్నారు. వారి యాలోచనయే సరియైనది. ఆ కాలమున పల్లె లారోగ్యముగ నుండెనని వ్రాయువారు, ఆకలితోను మలేరియాతోను చనిపోయినవారిని లెక్కలో చేర్చుకొనుట లేదు.

సుశ్రుతుడు మరియొక మాటను చేర్చినాడు. కృశించినవానిని మాత్ర మెల్లప్పుడు కాపాడవలెనట. ఈ చిన్నమాట యెంత పెద్దదో యిటీవలి శాస్త్రము వలన తెలియుచున్నది. 1992లో హేల్సు, బార్కరు అను నాంగ్లేయ పండితులు, గర్భమున నున్నపుడు తగిన పోషణ దొరకని శిశువు కొంచెముతో బ్రతుకుటకు శరీరమును దిద్దుకొనుననియు, అట్టివానికి పెరిగిన తరువాత తిండి సమృద్ధిగ దొరికినచో మధుమేహము సులభముగ పట్టుకొనుననియు ప్రతిపాదించిరి. 1944–45 చలికాలమున హాలెండు దేశమున జర్మనులు తిండి నాపివేసినపుడు గర్భముననున్న శిశువులు ఏబదియేండ్ల ప్రాయమున చక్కెరను సరిగ జీర్ణింపజేసికొనలేకుండుట వైద్యులు కనుగొనిరి. పుణె నగరమున యాజ్ఞిక్ అను వైద్యుడు మన దేశపు శిశువు తూకమున తక్కువగ నుండియు కొవ్వున తక్కువ కాకుండుట చూపెను. కావుననే యాదిలాబాదు పల్లెలలో బక్కచిక్కినవానికిని చక్కెరవ్యాధి కనబడుట వింత కాదు. తల్లి తినని తిండి బిడ్డకు రోగమై వచ్చుచుండగా, నీవు తినుటవలననే వచ్చినదని యా బిడ్డను గద్దించుట యేమి ధర్మమో మాకు బోధపడకున్నది.

మన భాషయు నీ విషయమున రెండు నాల్కలది. "ఒళ్ళు చేసినది" యనిన మెప్పు. "చిక్కిపోయినావు" అనిన జాలి. కాని "బలిసినాడు" అనిన తిట్టు. "బలుపు" అనిన పొగరు. ఆకలి నెరిగిన జాతి కండ పట్టినవానిని చూచి సంతసించుటయు, కలవానిని చూచి యసూయపడుటయు రెండును ఆ మాటలలో నిలిచియున్నవి. ఈ మాటలతో పెరిగిన మనకు స్థూలకాయమును రోగమువలె చూచుట యింత కష్టమగుట సహజమే.

నిందింపరాదన్నంత మాత్రమున ఎవరికిని కర్తవ్యము లేదని మా మతము కాదు. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధన మండలివారి పరిశీలన ప్రకారము దేశమున వయోజనులలో నూటికి 11.4 మందికి మధుమేహమును, 35.5 మందికి రక్తపుపోటును కలవు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో తెలంగాణపు స్త్రీలలో నూటికి సుమారు 30 మంది యధికభారము గలవారు. రాత యని కూర్చుండుటయు నిందించుటవలెనే రోగిని చంపును. రక్తపుపోటు మరింత మాయలాడి. 140 దాటినను నొప్పి యుండదు. "బాగనే ఉన్న గద" యని రైతు మాత్రలు మానివేయును. పిమ్మట నొకనాడు పొలముగట్టుపై ప్రక్కవాటు వచ్చి కూలును. అంబలిలోకి తొక్కు నంజుకొను నలవాటు మిగిలినది గాని ఆ యుప్పును చెమటగ వెడలించిన పని మిగులలేదు. దినమునకు 5 గ్రాముల యుప్పు చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇక గృహములలోని సంగతి. అన్నమును పారవేయరాదను నీతి మంచిదే. కాని గిన్నెలో మిగిలినదానిని ఎవరు తినుచున్నారు? పిల్లలు విడిచినది, భర్త విడిచినది, నిన్నటిది, అన్నియు ఇల్లాలే. నీతి యింటివారిది, భారము ఆమె శరీరముది. ఆమెయే తెల్లవారుజామున రోడ్డుపై నడచినచో "పనిలేక తిరుగుచున్నది" యని వాకిళ్ళలో నవ్వుదురు. పురుషుడు నడచిన ఆరోగ్యము, స్త్రీ నడచిన షికారు! సంస్కారము గల గృహస్థు లీ నవ్వును మాన్పించిన నొక వైద్యశాల కట్టించిన దానితో సమానమని మేము నమ్ముచున్నాము.

అతిథి మర్యాదలో మా తప్పును కూడ ఒప్పుకొనవలెను. ఓటర్ల జాబితా పనిమీద మేము ఇల్లిల్లు తిరుగుదుము. ఒకనాడు ఏడిండ్ల చాయ త్రాగితిమి, ప్రతి గ్లాసులోను రెండేసి చెంచాల చక్కెర. ఎనిమిదవ యింట వలదనగా నా యిల్లాలు ముఖము చిన్నబుచ్చుకొని "మా ఇంట్ల తాగవా సారూ?" అనెను. త్రాగితిమి. కులము పేరిట నీళ్ళు ముట్టని దినములు చూచిన పల్లెలో చాయ గ్లాసును కాదనుట యారోగ్యవిషయము మాత్రమే కాదు గదా.

కొంతకాలమునకు మరల బీడీలమ్మ యింటికి పోతిమి. ఈమారు మా యొద్ద సమాధాన మున్నది. "అమ్మా, బువ్వ మానుమని కాదు, కొంచెము తగ్గించి, పప్పును కూరయును పళ్ళెములో సగము చేయుము" అంటిమి. ఆమె వ్రేళ్ళు బీడీయాకుపై నాగలేదు. "బియ్యం సర్కారిస్తది. పప్పు ఎవరిస్తరు సారూ?" అనెను. జొన్నలు తినుమందు మన్నచో నవియు కొనవలసినవే. కరీంనగరమున సాయంకాలము బండ్లపై జొన్నరొట్టెలు కొనువారు కార్లు దిగి వచ్చుచున్నారు. ఉచితముగ దొరకునది తెల్లబియ్యము, కొనవలసినది ఆరోగ్యము. ఈ యేర్పాటును మార్చుట యామె చేతిలో లేదు, మన చేతిలో నున్నది. పప్పును, చిరుధాన్యమును బియ్యముతో పాటు దుకాణమున నిమ్మని యడుగువారు మనలో నెందరు?

మేమింకను మాటాడుచుండగా ఆమె చాట ప్రక్కన బెట్టి లేచి చాయ పెట్టి తెచ్చెను. రెండు గ్లాసులు. "నాకూ చక్కెర ఎయ్యలే, నీకూ ఎయ్యలే. తాగు సారూ" అనెను.