పుట్టగొడుగుల పెంపకము – శ్రావకుని కర్తవ్యము

శ్రావకుల ఇండ్లలో "ఇది తినకూడదు" అను మాట చిన్నపిల్లలకు కూడ తెలియును. కాని తినకూడని దానిని పండింపవచ్చునా, అమ్మవచ్చునా, ఇతరులు పండించుకొనుటకు చోటీయవచ్చునా అని అడిగినచో పెద్దలు కూడ తడుముకొందురు. పెరళ్ళలో పుట్టగొడుగులు పెంచు పద్ధతి పట్టణములకు వచ్చినందున ఈ ప్రశ్న నేడు వర్తకకుటుంబముల వాకిట నిలిచినది. దీనికి సమాధానము వెదకుటకు నాందేడ్ తగిన స్థలము.

గోదావరి తీరమున గల నాందేడ్ 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆనాడు బొంబాయి రాష్ట్రములో చేరి, 1960 మే 1 నుండి మహారాష్ట్రములో నున్నది. ఎల్లలు మారినను దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ ప్రాంతములలో తెలుగు వినబడుచునే యున్నది. ఆ జిల్లాలో సోయాచిక్కుడు, ప్రత్తి, కంది, జొన్న ముఖ్యమైన పంటలు. సోయా నూర్చిన పిదప మిగులు పొట్టులో కొంత పశువుల మేతకు పోవును. కొంత పొలములోనే తగులబడును. పుట్టగొడుగుల పెంపకమునకు ఆ పొట్టే పెట్టుబడి.

పెరటిలో పెంచునది ముత్యపుచిప్ప పుట్టగొడుగు. మరాఠీవారు దీనిని ధింగరీ అళింబి యందురు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున జర్మనీలో దీని సాగు ఆరంభమైనది. మన దేశమున మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయమువారు 1960 తరువాతి తొలి సంవత్సరములలో వరిగడ్డిపై పెంచి చూపిరి. 1983లో హిమాచల ప్రదేశమునందలి సోలన్‌లో పుట్టగొడుగుల పరిశోధనకే ఒక జాతీయ కేంద్రము వెలసినది.

పద్ధతి కష్టమైనది కాదు. పొట్టును నీటిలో నానవేసి, అరువదియైదు, డెబ్బది డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచి, నీరు ఓడ్చి, జొన్న లేక గోధుమ గింజలపై పెంచిన బూజు విత్తనమును వరుసలుగా చల్లుచు పాలిథీన్ సంచులలో కూరుదురు. సంచులకు చిన్న రంధ్రములు పెట్టి, రెండు మూడు వారములు చీకటిలో వ్రేలాడదీసినచో తెల్లని బూజు పొట్టు నంతటిని అల్లుకొనును. తరువాత సంచిని చీల్చి, చెట్టునీడన గోనెపట్టాల చాటున తడి ఆరకుండ నీరు చల్లుచుండవలెను. పది కిలోల ఎండుపొట్టుకు రెండు మూడు కోతలలో అయిదు మొదలు ఎనిమిది కిలోల వరకు పచ్చి పుట్టగొడుగులు దిగును. విత్తనము చల్లినది మొదలు అంతయు రెండు నెలల లోపల ముగియును. నాందేడ్ ఎండ వేసవిలో నలువది డిగ్రీలు దాటును గనుక ఆరుబయట ఈ పని వానలు మొదలు చలికాలము చివరి వరకే సాగును.

దీనిని సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. నాగలి లేదు, భూమిని త్రవ్వుట లేదు. ఎకరము నేల లేనివారికి కూడ నాలుగు గజముల నీడ చాలును. ఇల్లు విడిచి పోలేని స్త్రీలకు నాలుగు రూకలు కనబడును. పొలములో తగులబడవలసిన పొట్టు ఆహారముగా మారును. మంటలో మాడు చీమలు, పురుగులు, నేలలోని సూక్ష్మజీవులు ఎన్నియో! శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో దవాగ్నిదానము, అనగా నిప్పుపెట్టి కాల్చుట, ఒకటి గదా. ఆ లెక్కన పొట్టును మంటనుండి తప్పించు పని అహింసకు దగ్గరయే గాని దూరము కాదని వారందురు.

మరియొక పక్షము శాస్త్రమును చూపును. భక్ష్యాభక్ష్యములను చెప్పు శ్వేతాంబర గ్రంథములు ముప్పదిరెండు అనంతకాయములను పేర్కొని, భూమిని చీల్చుకొని గొడుగువలె లేచు దానిని వానిలో చేర్చినవి. ఒక్క శరీరమున అనంతజీవులు నివసించునది అనంతకాయము. నేటి విజ్ఞానము జీవుల లెక్కను ఆ రీతిగా చెప్పదు. అయినను పుట్టగొడుగును కూరగాయల వరుసలోనుండి అదియు తొలగించినది. 1969లో విట్టేకర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు శిలీంధ్రములను మొక్కలనుండి విడదీసి ప్రత్యేక రాజ్యముగా నిలిపెను. అవి మొక్కలకంటె జంతువులకే దగ్గరి చుట్టములని తరువాతి పరిశోధనలు తేల్చినవి.

ఈ ముత్యపుచిప్ప విషయమున మరియొక విశేషము కలదు. 1984లో థార్న్, బారన్ అను శాస్త్రజ్ఞులు ఇది కుళ్ళిన కట్టెలోని సన్నని నులిపురుగులను పట్టి తినునని ప్రకటించిరి. కట్టెలో నత్రజని తక్కువ. ఆ కొరతను ఇది పురుగుల శరీరములతో తీర్చుకొనును. బూజుపోగుల మీది చిన్న బుడగలలో విషవాయువు నిండియుండుననియు, తాకిన పురుగు చచ్చుననియు 2023లో తైవాను పరిశోధకులు వివరించిరి. వేడినీట తడిపిన పొట్టులో నులిపురుగులు మిగులుట అరుదు గనుక పెంచువానికి ఈ హింసను పూర్తిగా అంటగట్టుట న్యాయము కాదు. కాని పెంపకమున హింస లేకపోలేదు. పొట్టును వేడినీట ముంచుట అందలి ఇతర జీవులను చంపుటకే. వాసనకు ముసురు చిన్న ఈగలను చంపనిదే పంట దక్కుట కష్టము. కొందరు వేడినీటికి బదులు ఫార్మలిన్, శిలీంధ్రనాశక మందులు కలిపిన నీటిలో పొట్టును నానవేయుదురు.

ఇప్పుడు ప్రశ్నను పుస్తకమునుండి పెరటికి తెత్తము. నాందేడ్‌లో నవా మోంఢా బజారున అడతి దుకాణముగల ఒక శ్రావకుడు ఉన్నాడనుకొందము. అతని ఇంటివెనుక వేపచెట్టు నీడ కలదు. ఇంట పాత్రలు తోము వితంతువు ఒకతె వచ్చి, "సేట్‌జీ, ఆ మూల నాకిచ్చినచో పది సంచులు కట్టుకొందును. మీరు తినవద్దు, ముట్టవద్దు. పిల్లల ఫీజుకు అక్కరకు వచ్చును" అని అడిగినది. అతడేమి చెప్పవలెను?

తాను తినడు గనుక దోషము లేదనుట చెల్లదు. శాస్త్రము చేయుట, చేయించుట, అనుమోదించుట అను మూడింటిని ఒకే వరుసలో ఉంచినది. నోటికి పట్టిన వ్రతము గల్లాపెట్టెకు పట్టనిచో అది సగము వ్రతము. తాను వర్జించిన వస్తువును ఇతరులచే తినిపించి లాభము గొనువాడు ఆహారమును మాత్రమే విడిచినాడు, ఆశను విడువలేదు. కనుక శ్రావకుడు పుట్టగొడుగులు పెంచుటగాని, అడతి పట్టుటగాని, ఆ సంచులలో వాటా గొనుటగాని తగదు. ఇంతవరకు సందేహము లేదు.

చోటీయకుండుటకు కూడ అతనికి హక్కు కలదు. తన గడపలోపల తన వ్రతము నడవవలెనని కోరుట తప్పు కాదు. అయితే అతడు "లేదమ్మా" అని తలుపు వేసికొని భోజనమునకు కూర్చున్నచో ఆ వ్రతమునకు వెల ఎవరు చెల్లించినట్లు? అతని కంచములో ఒక మెతుకు తగ్గలేదు. పెట్టెలో ఒక రూపాయి తగ్గలేదు. తగ్గినది ఆ స్త్రీ సంపాదన. వ్రతము అతనిది, ఖర్చు ఆమెది. వర్తకునికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. ఒకరి పేర వ్రాయవలసిన ఖర్చును మరియొకరి పేర వ్రాసిన చిట్టా దొంగచిట్టా.

అతనికి నిజమైన మార్గము ఒక్కటే. కాదన్న నోటితోనే ఆమె పిల్లల ఫీజుకు మరియొక దారి చూపవలెను. ధర్మాబాదు మిరపకు పేరున్న ప్రాంతమది. తొడిమలు తీయు పని, పప్పు ఏరు పని, అప్పడముల పని దుకాణముద్వారా దొరకనివి కావు. పది సంచులు ఆమెకు తెచ్చిపెట్టు దానికి తగ్గకుండ కూలి ఇచ్చినప్పుడే అతని "కాదు" అను మాటకు విలువ. అంత భారము మోయలేనివాడు ఆమె తన గుడిసె ప్రక్కన సంచులు కట్టుకొన్ననాడు నిందింపకుండ నోరు మూసికొనుట మేలు. ఆమెకు ఆ వ్రతము లేదు. తన ప్రత్యాఖ్యానముతో పరుల ఆకలిని తూచుట అనేకాంతమును నమ్మినవారికి తగని పని.

పొట్టు విషయము కూడ ఇట్టిదే. పుట్టగొడుగులు వద్దన్నంత మాత్రమున పొట్టు కాలకుండ ఆగదు. ఆ మాట అన్నవాడు రైతులవద్ద పొట్టు కొని గోశాలకు పంపవలెను; లేదా ఎరువుగా మాగనిమ్మని చెప్పి, అందుకు పట్టు కూలిలో కొంత భరింపవలెను. మరాఠ్వాడాలో కరవు వచ్చిన ఏట పశుగ్రాసమునకు ఎంత అల్లాడుదురో అచ్చటివారికి తెలియును.

ఖర్చు మాట వచ్చినది గనుక మరియొక చోట దీపము పట్టి చూడవలెను. పుట్టగొడుగు ముట్టని గృహస్థుని గోదాములో ధాన్యపు బస్తాలపై గుడ్డ కప్పి, అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల విషవాయువు పట్టింతురు. దానితో లక్షల పురుగులు చచ్చును. సంకల్పీ, ఆరంభీ, ఉద్యోగీ, విరోధీ అను నాలుగు విధముల హింసలో ఇది ఉద్యోగీహింస, వృత్తికై తప్పనిదని సమాధానము చెప్పుకొందురు. అట్లైనచో ఆ వితంతువు వేడినీట ముంచిన పొట్టు ఏ హింస? ఆమెదియు వృత్తియే. తనకు తప్పనిదని క్షమించుకొన్న పనిని ఆమె యందు పాపమనుట ధర్మము కాజాలదు. పుట్టగొడుగును విడుచుట తేలిక, ఏలననగా ఖర్చు లేదు. బిళ్ళను విడుచుట కష్టము, ఏలననగా ఖర్చు కలదు. వ్రతమునకు పరీక్ష ఈ రెండవచోటనే.

పురుగు పట్టిన తరువాత చంపుటకంటె పట్టకుండ చూచుట మేలు. సరకును నాందేడ్ ఎండలో బాగుగా ఎండబెట్టి నింపుట, కొత్త సరకు పోయుటకు ముందు గోడల పగుళ్ళు పూడ్చి పాతగింజ ఊడ్చుట, నేలపై చెక్కలు పరచి బస్తాలు పేర్చుట, ఎక్కువ దినములు నిలువ చేయక త్రిప్పుట – ఇవి తాతలనాటి మాటలే. వీనివలన కూలి పెరుగును, ధర పెరుగువరకు ఆపుకొను లాభము తగ్గును. ఆ తగ్గుదలయే వ్రతమునకు వెల.

ఉపాసకదశాంగమున మొదటి కథ వాణిజ్యగ్రామపు ఆనందునిది. అతనికి నిధిలో నాలుగు కోట్లు, వ్యాపారమున నాలుగు కోట్లు, గృహమున నాలుగు కోట్ల సువర్ణము ఉండెను. అంతటి ధనికుడు భగవాన్ మహావీరుని సన్నిధిని వ్రతములు గ్రహించినప్పుడు కంచమునకు మాత్రమే హద్దు గీయలేదు. బండ్లకు, నాగళ్ళకు, పశువులకు, నిధికి కూడ ఇంతకు మించదని లెక్క కట్టెను. తినుటకు, ఆర్జించుటకు ఒకే హద్దుగీత గీసినందుననే అతడు శ్రావకులకు ఆదర్శమయ్యెను.

వేపచెట్టు నీడన పది సంచులు వ్రేలాడవలెనా వలదా అనునది చిన్న విషయము. వలదన్నవాడు ఆ మాటకు తగిన సొమ్మును తన పెట్టెనుండి తీసినాడా లేదా అనునది పెద్ద విషయము. ఈ సంచిక చదువు గృహస్థులు ఈసారి చిట్టా మూయుటకు ముందు, ఆ యేడు తమ వ్రతములకైన ఖర్చును ఎవరు భరించిరో ఒకమారు సరిచూచుకొందురు గాక.