పక్కవాడికి వదిలే జాగా

ఇటలీలోని మోంజా ట్రాక్‌లో స్టార్టు గీత నుంచి తిన్నగా దూసుకొచ్చిన కార్లు ఒక్కసారిగా వేగం చంపుకుని, ముందు కుడికీ వెంటనే ఎడమకీ తిరగాల్సిన ఇరుకు మలుపు ఒకటుంది. మొదటి ల్యాప్‌లో పాతిక కార్లు అక్కడికి గుంపుగా వచ్చిపడతాయి. అందరూ బ్రేకు తొక్కాల్సిన చోటు దాదాపు ఒకటే, మలుపులో ఇమిడేవి మాత్రం మహా అయితే రెండు కార్లు. ఇంట్లో కంప్యూటర్ ముందు స్టీరింగూ పెడల్సూ బిగించుకుని ఆడే సిమ్ రేసింగ్‌లో, ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసే పబ్లిక్ సర్వర్లలో, చాలామంది రేసు ఆ మలుపు దగ్గరే ముగిసిపోతుంది. రెండు మూడు సీజన్లుగా కలిసి ఆడుతున్న స్నేహితుల లీగ్ మాత్రం అదే ఆటలో, అవే కార్లతో ఆ మలుపును చెక్కుచెదరకుండా దాటేస్తుంది. వాళ్లేమీ మెల్లగా నడపరు. చేయితిరిగిన డ్రైవర్లు పబ్లిక్ సర్వర్లలోనూ ఉంటారు కాబట్టి ఈ తేడానంతా నైపుణ్యం ఖాతాలో వేయడానికి లేదు. నా ఉద్దేశంలో ఆ గుంపును మలుపు దాటించేది మాట. పక్కనున్నవాడికి ఒక కారు పట్టేంత జాగా వదులుతానని ఎవరూ అడక్కుండానే ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. ఒంటికి దెబ్బ తగులుతుందన్న భయమూ, డబ్బు పోతుందన్న బెంగా లేని చోట ఆ మాట నిలబడుతోందంటే, మనుషుల మధ్య నమ్మకం దేనిమీద నిలుస్తుందో చూడటానికి ఈ ఆటను మించిన చోటు నాకు కనబడదు.

ఆ మాట ఎంత అవసరమో తెలియాలంటే ఆన్‌లైన్ రేసు ఎలా నడుస్తుందో కాస్త చూడాలి. చదువులకీ ఉద్యోగాలకీ తలోదిక్కుకు వెళ్లిన తెలుగు స్నేహితుల్లో హైదరాబాద్‌లో ఒకరు, డాలస్‌లో ఒకరు, సిడ్నీలో ఒకరు ఒకే రేసులో దిగారనుకుందాం. హైదరాబాద్‌లో జూన్ నెల శనివారం రాత్రి తొమ్మిదిన్నర అయితే డాలస్‌లో ఉదయం పదకొండు, సిడ్నీ అతనికి తెల్లవారితే ఆదివారం, గడియారంలో రెండు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. కేబుల్ గీత గీసినట్టు తిన్నగా ఉన్నా సరే, అక్కడివాడు స్టీరింగ్ తిప్పిన సంగతి ఇక్కడికి చేరడానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది. వంకరలు తిరిగి, నడుమ సర్వర్ దగ్గర ఆగి వచ్చేసరికి 100 దాటిపోతుంది. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ 100 మిల్లీసెకన్లలోనే 7 మీటర్లు ముందుకెళ్తుంది. జీటీ3 తరగతి రేసు కారు పొడవు నాలుగున్నర మీటర్ల పైచిలుకు. అంటే పక్కన కనిపిస్తున్న మిత్రుడి కారు ఒక అంచనా మాత్రమే. కాసేపటి క్రితం అందిన సమాచారాన్ని బట్టి, ఇప్పుడతను ఇక్కడ ఉండి ఉంటాడని ఆట గీసి చూపించే బొమ్మ. అతను నిలకడగా నడిపినంతసేపూ ఆ బొమ్మా నిజమూ కలిసే ఉంటాయి. ఉన్నట్టుండి పక్కకు కోశాడా, అక్కర్లేని చోట బ్రేకు తొక్కాడా, రెండూ విడిపోతాయి. ఒకరి తెరమీద గుద్దుకున్న కార్లు మరొకరి తెరమీద అడుగు ఎడంతో దాటిపోతాయి. నిజమైన ట్రాక్ మీద కూడా పక్కవాడు తర్వాత ఏం చేస్తాడన్నది ఊహించుకోవాల్సిందే, కానీ ఇప్పుడు ఎక్కడున్నాడన్నది కంటికి తెలుసు. ఇక్కడ ఆ ఆధారం కూడా లేదు. అయినా ఇద్దరు మిత్రులు రెండు ఖండాల నుంచి మూడు నాలుగు మలుపుల పాటు తలుపుకు తలుపు ఆనించినట్టు పక్కపక్కన నడుపుతారు. నాకు ఈ ఆటలో ఇంతకన్నా అందమైనది లేదు.

నిజమైన రేసులో ఈ నమ్మకానికి భయం కాపలా ఉంటుంది. గుద్దితే కారు పోతుంది, ఎముక విరుగుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ కాపలా తీసేస్తే ఏమవుతుందో 2020లో అందరూ చూశారు. లాక్‌డౌన్‌తో రేసులన్నీ ఆగిపోయినప్పుడు పేరున్న డ్రైవర్లు ఇళ్లలోంచే సిమ్‌లో పోటీపడ్డారు. మే 2న అమెరికన్ రేసింగ్ సంస్థ ఇండికార్ వాళ్లు ఐరేసింగ్ అనే సిమ్‌లో నడిపిన సిరీస్ ఆఖరి రేసు ఇండియానాపోలిస్ ట్రాక్‌లో జరిగింది. ఫార్ములా వన్ నుంచి అతిథిగా వచ్చిన లాండో నోరిస్ గెలిచే ఊపులో ఉండగా, అంతకుముందు ఏడాది అదే ట్రాక్ మీద అసలైన ఇండీ 500 గెలిచిన సిమోన్ పజెనో అతని దారిలో వేగం తగ్గించాడు. వెనక నుంచి వచ్చి తగిలిన నోరిస్ గెలుపు ఆశ అక్కడితో పోయింది. నోరిస్‌ను గెలవనివ్వకూడదన్న ఉద్దేశం పజెనో మాటల్లోనే ప్రత్యక్ష ప్రసారంలో వినబడింది. ఆ గోడల మధ్య నిజమైన కారులో గంటకు 350 కిలోమీటర్ల వేగంతో అతనలా చేయడు, చేయలేడు. ఈ ఉదంతం చూసి ఒక మనిషిని దుర్మార్గుడనేయడం తేలిక. నాకు మాత్రం ఇందులో అందరికీ సంబంధించిన సంగతి కనిపిస్తుంది. నిజమైన ట్రాక్ మీద మర్యాదా ప్రాణభయమూ ఎంతలా పెనవేసుకుపోయాయంటే, మనల్ని ఏది ఆపుతోందో మనకే తెలియదు. సిమ్ ఆ రెంటినీ విడదీసి చూపిస్తుంది.

ఇది ఆటే కదా, ఆటలో పోయేదేముంది అనేవాళ్లుంటారు. ఆ నెలలోనే విద్యుత్ కార్ల రేసు సిరీస్ ఫార్ములా ఈ వాళ్ల ఆన్‌లైన్ రేసులో, అందులో డ్రైవరైన డానియల్ ఆప్ట్ తన బదులు ఒక ప్రొఫెషనల్ సిమ్ రేసర్‌ను కూర్చోబెట్టాడు. నిర్వాహకులు అతన్ని అనర్హుణ్ణి చేసి 10,000 యూరోలు ఏదైనా సేవాసంస్థకు ఇమ్మన్నారు, అతని జట్టు ఆడి అతన్ని సస్పెండ్ చేసింది. శిక్ష ఎక్కువైందని వాదించవచ్చు, నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. కానీ అంత కోపం ఎందుకొచ్చింది? ఆ రేసులో ఎవరి కారూ పగల్లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అవతలివాళ్లు ఎవరితో పోటీపడుతున్నామనుకున్నారో అతనితో పోటీపడలేదు, అంతే. కారు కల్పితం, ట్రాక్ కల్పితం. వాటి మీద పడే శ్రమ, గంటల సాధన, ఓడినప్పటి బాధ కల్పితం కావు. ఇంకొకరి సాయంత్రాన్ని పాడుచేసినవాడు నిజమైన సాయంత్రాన్నే పాడుచేశాడు.

భయం లేని చోట లెక్కలతో పని జరిపించవచ్చని 2008లో మొదలైన ఐరేసింగ్ ప్రయత్నించింది. ట్రాక్ అంచు దాటితే తప్పుల ఖాతాలో 1 పాయింటు, అదుపు తప్పితే 2, మరో కారును గట్టిగా గుద్దితే 4. తప్పెవరిదన్న విచారణ ఉండదు, గుద్దినవాడికీ గుద్దించుకున్నవాడికీ చెరో నాలుగూ పడతాయి. అన్యాయంగా కనిపించినా ఇందులో తెలివి ఉంది, ఎందుకంటే ఇలాంటి చోట తప్పును యంత్రం తేల్చలేదు. వేలమంది కొత్తవాళ్లకు ఈ పద్ధతి జాగ్రత్త నేర్పింది. అయితే అది నేర్పేది తన ఖాతా శుభ్రంగా ఉంచుకోవడం. పక్కవాడి రేసును కాపాడటం మనుషులే ఒకరికొకరు నేర్పుకోవాలి. లీగుల్లో గొడవలు తేల్చే స్టూవర్డులు చేసే పని చూస్తే ఇది తెలుస్తుంది. రేసు ముగిసీ ముగియగానే ఫిర్యాదు చేయకూడదని, కోపం చల్లారాకే రాయాలని చాలా లీగుల్లో నియమం. ఫిర్యాదు వచ్చాక ఇద్దరి దగ్గరా రీప్లే తెప్పిస్తారు, రెండు తెరలు రెండు కథలు చెబుతాయి కాబట్టి. ముందు పైనుంచి చూస్తారు, తర్వాత వెనకవాడి కాక్‌పిట్‌లోంచి, ఆపైన ముందువాడి కాక్‌పిట్‌లోంచి. బ్రేకు దగ్గర ఆపి, ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, లోపలి కారు ముందు చక్రం బయటి కారు తలుపు దాకా వచ్చిందా, వెనక చక్రం దగ్గరే ఉండిపోయిందా అని చూస్తారు. ఆ రెండు మూడు అడుగుల తేడా మీదే మలుపులో జాగా ఎవరిదన్నది ఆధారపడుతుంది. సగం సెకను గొడవకు అరగంట పని, జీతం లేని పని. స్నేహితుల లీగులో చాలా గొడవలు ఇక్కడిదాకా రావు కూడా. గుద్దినవాడు తనంతట తాను దారి తప్పుకుని, పక్కన మెల్లగా పోతూ, తాను కాజేసిన స్థానాన్ని తిరిగిచ్చేస్తాడు. వెనక నుంచి మరో ఇద్దరు దాటిపోతారని తెలిసీ ఆగుతాడు. ఏ నియమమూ ఆ నిమిషంలో అతన్ని బలవంతపెట్టలేదు.

స్నేహం ఉన్నచోట పోటీ మెత్తబడిపోతుందని ఒక అభ్యంతరం ఉంది. దాన్ని కొట్టిపారేయను. పాత మిత్రుణ్ణి దాటడానికి మొహమాటపడేవాళ్లుంటారు. మనవాడే కదా అని పెనాల్టీ మాఫీ చేసే స్టూవర్డులూ ఉంటారు, అలాంటి లీగులు ఎక్కువకాలం బతకవు. కానీ జాగా వదలడం వేరు, స్థానం వదలడం వేరు. జాగా వదలడమంటే నీకు పోరాడే వీలిస్తానని చెప్పడం. స్థానం వదిలేస్తే పోరాటమే ఉండదు. మిత్రుణ్ణి ఊరికే దాటనిచ్చినవాడు అతన్ని పోటీదారుగా లెక్కలోంచి తీసేశాడు, అది ప్రేమగా చేసినా చిన్నచూపే. నమ్మకం ఉన్నచోటే బ్రేకు ఇంకో ఐదు మీటర్లు ఆలస్యంగా తొక్కవచ్చు, బయటి వైపు నుంచి దాటే సాహసం చేయవచ్చు. అవతలివాడు ఏం చేస్తాడో తెలియనప్పుడు ఎవరైనా ముందుజాగ్రత్తగా దూరం పాటిస్తారు, రేసు ఊరేగింపు అయిపోతుంది. కాబట్టి స్నేహం పోటీని మెత్తబరచదు, ఇంకా పదునెక్కిస్తుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారమని, నాలుగు గోడల మధ్య తెరకు అతుక్కుపోవడమని కూడా అంటారు. మొదటిమాటలో నిజముంది. మంచి స్టీరింగ్ సెట్టు, దానికి తగిన కంప్యూటర్ చాలా ఇళ్లకు భారమే. కాకపోతే దేనితో పోల్చాలన్నది చూడాలి. కార్టింగ్‌తో మొదలుపెట్టి నిజమైన రేసింగ్‌లో పైకెళ్లాలంటే అయ్యే ఖర్చు ముందు ఇది ఏ మూలకీ రాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మన ఊళ్లో రేసింగ్ వేళ్లూనుకుంటుందని ఎంతోమంది ఆశపడ్డారు. మరుసటి ఏడాది రేసు జరగకముందే రద్దయింది. ఆ ఒక్క పూట చూసి మనసు పారేసుకున్న కుర్రాడికి పదిమందితో కలిసి రేసులో దిగే అవకాశం ఇప్పటికి చేతికందేది సిమ్ లీగ్‌లోనే. తెర సంగతంటారా, దూరాన ఉన్న మిత్రులు తెరమీద కలవకపోతే ఎక్కడ కలుస్తారు? పండక్కో ఫోను, పుట్టినరోజుకో మెసేజీ మాత్రమే మిగిలిన స్నేహాలు ఎన్ని లేవు! కుశలప్రశ్నలతో స్నేహం ఎన్నాళ్లో నిలవదు. దానికి కలిసి చేసే పనంటూ ఒకటుండాలి. వారానికొక రాత్రి గంటసేపు ఒకరి తీరు ఒకరు గమనిస్తూ, ఒకరి తప్పు ఒకరు భరిస్తూ చేసే పని చిన్నదేం కాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఇందులో మర్యాదేముంది, వచ్చేవారం మళ్లీ మొహం చూసుకోవాలి కాబట్టి జాగా వదులుతున్నారు, ఇదంతా ముందుచూపే అంటారు. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1984లో రాసిన పుస్తకం ఈ వాదనకు బలమైన ఆధారం. మోసమో సహకారమో ఎంచుకోవాల్సిన ఆటలో కంప్యూటర్ ప్రోగ్రాములను ఒకదాని మీదికి ఒకటి వదిలి ఆయన పోటీలు పెట్టాడు. రెండు పోటీల్లోనూ గెలిచింది అనటోల్ రాపోపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాం. ముందు సహకరించు, ఆపైన అవతలివాడు కిందటిసారి ఏం చేస్తే నువ్వూ అదే చెయ్యి, అంతే దాని పద్ధతి. మళ్లీ కలుస్తామన్న ఎరుకే సహకారాన్ని నిలబెడుతుందని ఆక్సెల్‌రాడ్ తేల్చాడు. పబ్లిక్ సర్వర్‌కీ లీగ్‌కీ ఉన్న తేడాలో చాలా భాగాన్ని ఇది వివరిస్తుందని ఒప్పుకుంటాను. కానీ ఆయన లెక్కలోనే ఒక మెలిక ఉంది. మొదటి పోటీలో ప్రతి ఆటా 200 ఎత్తులని ముందే తెలుసు. ఆఖరి ఎత్తు ఏదో తెలిస్తే అక్కడ మోసం చేయడమే లాభం, అది తెలిసినవాడు దానికి ముందు ఎత్తులోనూ మోసం చేస్తాడు. అందుకే రెండో పోటీలో ఆట ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా చేశాడు.

లీగ్ సీజన్‌కు ఆఖరి రేసు ఉంటుంది, అందరికీ ముందే తెలుసు. ఇండియానాపోలిస్‌లో జరిగింది కూడా ఆఖరి రేసే. ముందుచూపు ఒక్కటే పనిచేస్తుంటే, పాయింట్ల పట్టికలో ఏ ఆశా లేనివాడు, ఉద్యోగం మారో పిల్లలు పుట్టో వచ్చే సీజన్‌కు రానని చెప్పేసినవాడు, ఆ రాత్రి ఎవరికీ జాగా వదలాల్సిన పనిలేదు. అయినా మంచి లీగుల్లో అలాంటివాడు ఛాంపియన్‌షిప్ కోసం పోరాడుతున్న ఇద్దరు వెనక నుంచి వస్తుంటే అద్దంలో చూసుకుని, తన గీత మార్చకుండా, వాళ్లు ఎటువైపు నుంచి దాటినా ఇబ్బంది లేకుండా తిన్నగా పోతాడు. వచ్చేవారం లెక్కలు అతన్ని ఇక పట్టుకోలేవు. గౌరవం కోసం చేశాడందామా అంటే, అతన్ని ఎవరూ గమనించరు కూడా, ప్రసారంలో కెమెరా ముందున్న ఇద్దరి మీదే ఉంటుంది. మొదటి సీజన్‌లో లెక్కతోనే జాగా వదిలి ఉండవచ్చు. అన్ని రాత్రులు పక్కపక్కన నడిపాక అవతలి కారులో ఉన్నది ఫలానా మనిషి అన్న ఎరుక ఆ లెక్క స్థానంలోకి వచ్చింది. అన్ని గుంపులూ ఈ పరీక్షలో నెగ్గవు. నెలల తరబడి పద్ధతిగా నడిపి, ఆఖరి రాత్రి పాత కక్షలన్నీ తీర్చుకునే లీగులున్నాయి, వాటిలో చేరి విసిగి మానేసినవాళ్లూ ఉన్నారు. కొత్తగా ఏదైనా లీగ్‌లో చేరాలనుకునేవాళ్లు పాయింట్ల పట్టిక కన్నా ముందు ఆ లీగ్ కిందటి సీజన్ ఆఖరి రేసు రీప్లే తెప్పించుకుని, అందులో పదిహేనో స్థానంలో ఉన్నవాడు ఎలా నడిపాడో చూడాలని నేనంటాను.