తినని పిట్ట

నాకు షుగర్ వచ్చి 12 ఏళ్ళు. ఇన్నాళ్ళూ దాన్ని పాపపుణ్యాల పద్దుగానే రాసుకుంటూ వచ్చాను. పెళ్ళిలో రెండు జాంగ్రీలు తింటే పాపం, మర్నాడు ముక్కు మూసుకుని కాకరరసం తాగితే ప్రాయశ్చిత్తం. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ రిపోర్టు చిత్రగుప్తుడిలా వచ్చి లెక్క చెప్పేది. అది సగటు లెక్క గనక ఏ పాపానికి ఎంత శిక్ష పడిందో తేలేది కాదు. ఆ మసకలో హాయిగానే బతికాను.

పోయిన నెల మా అమ్మాయి కాకినాడ నుంచి పెద్దాపురం వచ్చి, "నాన్నా, ఇంక రోజూ వేలు పొడుచుకోనక్కర్లేదు" అంటూ ఎడమ దండ వెనక ఒక తెల్ల బిళ్ళ అంటించింది. పాత రూపాయి కంటే కాస్త పెద్దది. అడుగున వెంట్రుకలాంటి తీగ, అర సెంటీమీటరు, చర్మం కిందికి దిగుతుంది. 14 రోజులు పనిచేస్తుంది. ఫోన్లో షుగర్ గీత గీస్తూ పోతుంది.

మూడో రోజు ఏకాదశి. రాత్రి పాలు కూడా ముట్టలేదు. పది గంటలకు 116. తెల్లారి చూస్తే 158! మా ఆవిడ ఫోను చూసింది, గూట్లో సున్నుండల డబ్బా చూసింది. "రాత్రి లేచారా?" అంది. లేచిన రాత్రులు ఉన్నాయి, అబద్ధమాడను. ఆ రాత్రి మాత్రం లేవలేదు. సున్నుండ తిని ఉంటే గీత ఒక్కసారి ఎగిరేది. ఇది నాలుగింటిదాకా చదునుగా ఉండి, తర్వాత నింపాదిగా మెట్లెక్కినట్టు ఎక్కింది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయనీ, కాలేయం దాచుకున్న చక్కెరను నెత్తుట్లోకి వదులుతుందనీ, నాబోటివాళ్ళకు దాన్ని సర్దే ఇన్సులిన్ చాలదనీ డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు.

నాకు నవ్వు రాలేదు. ముప్పయ్యేళ్ళు తెలుగు మాస్టారుగా కర్త, కర్మ, క్రియ చెప్పినవాణ్ణి. నా ఒంట్లోనే నేను కర్తను కాని వాక్యం ఒకటి రోజూ నడుస్తోందని తెలియకపోయె. తిన్నప్పుడు "నేను పాపిని" అని కుమిలిందీ, మానేసినప్పుడు "నేను నిష్ఠాపరుణ్ణి" అని మీసం దువ్విందీ ఆ ఒక్క "నేనే". ఆ తెల్లవారుజామున వాడికి పని లేకుండా పోయింది.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పిట్టలున్నాయి గదా, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంటుంది. ఆ రెండో పిట్ట నా దండ మీద వాలిందని రెండు రోజులు మురిశాను. తర్వాత ఒక అర్ధరాత్రి అది 61 అని కీచుమని అరిచింది. గాభరాగా లేచి పాత మిషనుతో వేలు పొడిచి చూసుకుంటే 103. ఎడమవైపు ఒత్తిగిలి బిళ్ళను నొక్కేశాను, అంతే సంగతి. పైగా అది నెత్తుటిని చూడనే చూడదు. కణాల మధ్య ఉండే ద్రవాన్ని చూసి లెక్కగడుతుంది, అదీ కొన్ని నిమిషాలు వెనకబడి. మన తార్కికులు దీన్ని ప్రత్యక్షం అనరు, పొగను బట్టి నిప్పును ఊహించే అనుమానం కిందే కడతారు. సాక్షి అన్నవాడు ఆలస్యంగా రాడు, అలారమూ కొట్టడు.

ఇక అన్నవరం ప్రసాదం సంగతి. గోధుమరవ్వ, పంచదార, నెయ్యి. "స్వామి ప్రసాదానికి షుగరుండదోయ్" అంటూ ఏటా ఆకు పొట్లం మొత్తం నేనే ఖాళీ చేసేవాణ్ణి. ఈసారి కొండ దిగేలోగా గీత 214 దాటింది. స్వామి మీద కోపమొచ్చిన మాట నిజం. బస్సులో కూర్చున్నాక తట్టింది: తీర్థం ఉద్ధరిణెడే పోస్తారు, చెంబుడు పొయ్యమని ఎవరూ అడగరు. ప్రసాదం దగ్గరే మనకు భక్తి పొంగుతుంది. మినహాయింపు కావాలన్నది నా నాలుకే, అర్జీ మాత్రం స్వామి పేరున పెట్టాను.

నిన్న పక్కింట్లో సత్యనారాయణ వ్రతం. చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుని, మిగతాది మనవడి చేతిలో పెట్టాను. బిళ్ళ గడువు తీరి రెండు రోజులైంది. కొత్తది ఇంకా తెప్పించుకోలేదు.