వేడుకోవడానికి యోగ్యత కావాలా?

భక్తిపాటకు పాడేవారి నడవడి పూచీ పడాలా? అమెరికన్ గాయని జూడీ సిల్ పాటలు వింటే ఈ ప్రశ్న తప్పదు. కాలిఫోర్నియాలో టీనేజీలోనే తుపాకీ చూపించి దోపిడీలు చేసింది. బాలనేరస్థుల బడికి పంపితే అక్కడి చర్చిలో ఆర్గాన్ వాయించింది. తర్వాత హెరాయిన్, దొంగ చెక్కులు, జైలు. అసైలమ్ రికార్డ్స్ 1971లో విడుదల చేసిన తొలి ఆల్బమ్ ఈమెదే. పాట రాసి బాణీ కట్టడంతో ఊరుకోక, 1973 నాటి ‘హార్ట్ ఫుడ్’కి ఆర్కెస్ట్రా స్వరాలు కూడా తానే రాసుకుంది. రెండు ఆల్బమ్‌లూ అంతగా అమ్ముడుపోలేదు. 1979లో, 35 ఏళ్లకే, మాదకద్రవ్యాల వల్ల చనిపోయింది.

ఆమె కథ చెప్పేటప్పుడు సిరంజి దగ్గరే ఆగిపోవడం తేలిక. ‘ది డోనర్’ పాట అలా ఆగనివ్వదు. సంగీతకర్త బాఖ్‌ను గురువుగా భావించిన మనిషి, తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసి ఒక బృందగానంగా నిలబెట్టింది. ఆ గొంతులు ఒకదాన్నొకటి తరుముతూ వెళ్లి ‘కిరియే ఎలేయిసోన్’ అనే ప్రాచీన ప్రార్థన దగ్గర చేరతాయి: ప్రభువా, కరుణించు. ఇంత కష్టపడి కట్టినదాన్ని మత్తులో వచ్చిన పలవరింత అనలేం.

నడవడి ప్రశ్న క్రైస్తవంలో పాతదే. హింసకు జడిసి పవిత్ర గ్రంథాలను అప్పగించిన మతగురువులిచ్చిన బాప్తిస్మం చెల్లదని ఉత్తరాఫ్రికాలో డొనాటిస్టులనే క్రైస్తవ వర్గం పట్టుబట్టినప్పుడు, ఆ కర్మ క్రీస్తుది, గురువుది కాదని బిషప్ అగస్టీన్ వాదించాడు. ఆ వాదం ఇక్కడ పూర్తిగా అతకదు. పాట ఆమె సొంతం. అయితే బోధించేవాడికి నడవడి ఉండాలి గానీ, అడుక్కునేవాడికి లేమి చాలు. కరుణించమని అడగడానికి తప్పు చేసినవాళ్లకంటే తగినవారెవరు?

ఇలాగైతే వ్యసనానికి పవిత్రత అంటగట్టినట్టే కదా అంటారా? కాదు. వ్యసనం ఆ పాటలను ఇవ్వలేదు, మూడో ఆల్బమ్ పూర్తి కాకముందే మనిషిని మింగింది. మతచిహ్నాలు ఆమెకు అలంకారాలే అన్న అనుమానం ఇంకాస్త బలమైనది. ‘జీసస్ వాజ్ ఎ క్రాస్ మేకర్’ అనే ఆమె పాటకు ప్రేరణ బైబిలు కాదు, గ్రీకు రచయిత కజాంట్‌జాకిస్ నవల. కానీ మోసం చేసిన ప్రియుడి మీది కోపాన్ని ఆ పాటలో క్షమగా మలుచుకోవడానికి ఆమె ఆ చిహ్నాన్ని వాడుకుంది; అలంకారానికి అంత పని పడదు. అడిగాక కూడా మారలేదుగా అన్నది చివరి ఆక్షేపణ. కిరియేను ప్రతి ఆరాధనలోనూ మళ్లీ మళ్లీ పలికించే సంప్రదాయం, కిందటి ఆదివారం పలికినవాళ్లు ఈ ఆదివారానికి బాగుపడి ఉంటారని ఏనాడూ లెక్కవేసుకోలేదు.