చేతిలో ఇమిడే తుపాకీ

ఆయుధానికి నీతి లేదనీ, నీతి ఉన్నదల్లా దాన్ని పట్టుకున్న చేతికేననీ అంటారు. నేను కూడా ఈ మాట తరగతిలో చాలా ఏళ్ళు చెప్పాను. నగరం అంచున ఒక షూటింగ్ రేంజిలో గంటసేపు గడిపి వచ్చాక అందులో సగమే నిజమనిపిస్తున్నది.

మాది ముడిమ్యాల. తుపాకీని పోలీసు భుజాన చూడటమే తప్ప ముట్టుకున్న వాణ్ణి కాను. పిస్తోలు సాధన చేసే మిత్రుడొకడు బలవంతం చేస్తే వెళ్ళాను. చెవులకు కప్పులు, కళ్ళకు అద్దాలు పెట్టి, నా చేతికి .32 బోరు చిన్న పిస్తోలు ఒకటి ఇచ్చారు. కొత్తది. అరచేతిలో దాదాపు ఇమిడిపోయింది. పిడి ఎంత పొట్టిదంటే చిటికెనవేలు నిలవటానికి చోటు లేదు. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, కాల్చాలని నిశ్చయించుకునే దాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు: ఈ రెండే నేర్పించిన నియమాలు.

మొదటి అయిదు తూటాలూ కింద, ఎడమ మూలకు పోయాయి. పిస్తోలు తప్పేమోనన్నాను. నేర్పే ఆయన నవ్వి, "తుపాకీ బాగానే ఉంది సార్. పేలకముందే మీ చెయ్యి భయపడి దిగుతున్నది" అన్నాడు. గొట్టం పొట్టిది కనక ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ. చేతిలో వెంట్రుకవాసి పొరపాటు కాగితం మీద జానెడవుతుంది. బరువు తక్కువ కనక వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ. ఆ దెబ్బను ముందే ఊహించి శరీరం తనను తాను కాపాడుకోబోతుంది. ఎప్పుడు పేలుతుందో తెలియనంత నెమ్మదిగా వేలు వెనక్కి లాగటమే విద్య. చివరి మ్యాగజైనులో మూడు తూటాలు నల్లటి వలయంలో పడ్డాయి. నాకు సంతోషం కలిగింది. దాచటం దేనికి, చాలా సంతోషం కలిగింది.

ఈ సంతోషంలో తప్పేమీ లేదు. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలు జట్టు పోటీలో బంగారు పతకం తెచ్చినప్పుడు అందరం పొంగిపోయాం. కాని ఆ పోటీ పిస్తోలు ఎవరూ జేబులో దాచుకునే వస్తువు కాదు. నేను పట్టుకున్నది దాచటానికే చేసింది. దాని పొట్టితనానికి మరో కారణం లేదు. గురిని చెడగొట్టి మరీ దాన్ని పొట్టిగా చేశారంటే, చేసినవాడు ఒక ఉద్దేశాన్ని ఉక్కులోనే పోతపోశాడన్నమాట. నీతి అంతా చేతికే ఉన్నదంటే ఎలా?

మిత్రుడు ఆడవాళ్ళ రక్షణ మాట ఎత్తాడు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల కోసమని "నిర్భీక్" అనే తేలిక రివాల్వరు చేసింది. అరకిలో బరువు, లక్ష రూపాయలకు పైగా ధర. చేవెళ్ళ పల్లెల నుంచి తెల్లవారకముందే పూలబుట్టలతో గుడిమల్కాపూరు మార్కెట్టుకు పోయే స్త్రీకి ఆ ధర చెప్పి చూడండి. రక్షణను సరుకుగా చేసి అమ్మితే అది కొనగలవాడి రక్షణే అవుతుంది. కొనగలవాడు తరచుగా ఎవరి నుంచి రక్షణ కోరుకుంటాడో మనకు తెలియనిది కాదు.

అయితే మనం అహింస బోధించి చేతులు దులుపుకోలేం. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద తుపాకీ పేల్చింది దొర మనుషులు. ఆ తరవాత తెలంగాణ రైతు వడిసెలా, కర్రా, చివరికి తుపాకీ పట్టాడు. కాని ఎందుకు పట్టాలో, ఎప్పుడు దించాలో అతనొక్కడూ తేల్చుకోలేదు. సంఘం వాదించుకుంది, తప్పులూ చేసింది, 1951 అక్టోబరులో దించింది. జేబులోని పిస్తోలు ఎవరితోనూ వాదించదు. తీర్పు చెప్పటానికీ అమలు జరపటానికీ మధ్య అక్కడ ఉన్నది వేలి కదలికే.

జేబు తుపాకీని ఇంత తేలిగ్గా కాదంటున్న నేను 2019 డిసెంబరు 6న ఏం చేశాను? శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిని చెరిచి, చంపి, చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. ఆ కేసులో పట్టుబడిన నలుగురినీ పోలీసులు అక్కడికే తీసుకుపోయి కాల్చిచంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా పిల్లలు తరగతికి మిఠాయి తెచ్చారు. నేనొకటి తీసుకుని తిన్నాను. సుప్రీం కోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది: పోలీసులు చంపాలనే కాల్చారనీ, నలుగురిలో ముగ్గురు మైనర్లనీ తేల్చింది. అప్పుడు మిఠాయి ఎవరూ తేలేదు, చర్చ కూడా ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఆ అమ్మాయి పట్ల జరిగిన ఘోరానికి నాలో పుట్టిన కోపం నిజమైనదే. కాని ఆ కోపానికి విచారణ లేని తుపాకీ చాలునని నేను ఎంత తొందరగా ఒప్పుకున్నాను! రేంజిలో తూటా పేలకముందే నా చెయ్యి భయపడి దిగింది. ఆనాడు తరగతిలో మాట పేలకముందే నోరు మూసుకుంది.

చిల్లులు పడ్డ కాగితాన్ని పిల్లలకు చూపించాను. నల్లటి వలయంలోని మూడు చిల్లులూ చూసి మెచ్చుకున్నారు. ఒక విద్యార్థిని మాత్రం, "లైసెన్సుకు పెడతారా సార్?" అని అడిగింది. పెట్టనన్నాను. ఎందుకని అడిగితే ముందు మిఠాయి సంగతి చెప్పవలసి వచ్చింది.