తల్లి చేపను వదిలిపెట్టండి



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. దారిలో పక్షిగూడు కనిపించి, తల్లి గుడ్ల మీద కూర్చుని ఉంటే ఆ తల్లిని పట్టుకోకూడదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ మాట దగ్గర నేను ఎన్నడూ ఆగలేదు. పిఠాపురం నుంచి గంట కూడా పట్టని ఉప్పాడ రేవులో ఒక మత్స్యకారుడు నన్ను ఆపాడు.

"గుడ్డు మీదున్న చేపను పట్టొద్దంటున్నారు ఫాదరుగారండీ. బాగానే ఉందండి. మరి ఆ రెండు నెలలూ మా పిల్లలకి గంజెవరు పోస్తారండి?"

మీకు తెలియనిది కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలూ ఇంజను పడవలూ వేటకు వెళ్లకూడదు. 2015కు ముందు 47 రోజులుగా ఉన్న ఈ విరామం ఇప్పుడు 61 రోజులు. 2019లో ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ఇచ్చింది. 2025లో 20,000 ఇచ్చింది. అయినా జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. పుస్తకాలు ముందు కొనాలి, పడవ తరువాత కదులుతుంది. అప్పు పుట్టేది అక్కడే.

ఆ ఇల్లు అంత త్యాగం చేస్తుంటే మిగిలిన పది నెలలూ మనమేం చేస్తున్నాం? చిన్న కన్ను వలతో సముద్రపు అడుగంతా ఊడ్చి తెచ్చిన జానెడైనా లేని వంజరం పిల్లలు సంతలో కుప్పపోసి ఉంటాయి. చవకని కొంటాం. నేనూ బేరమాడినవాడినే! గుడ్లు పెట్టడానికి మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గాలి కోసం నీటిపైకి రావాలి. ఆ వలలో చిక్కితే ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పించుకునే ద్వారం వలకు అమర్చవచ్చు. దానితో కొన్ని చేపలూ పోతాయని చాలామంది అమర్చరు.

ఉత్థాన ప్రభువు మాటపై శిష్యులు లాగిన వలలో 153 చేపలు పడ్డాయి. అవి పెద్ద చేపలని సువార్తికుడు యోహాను ప్రత్యేకించి వ్రాశాడు. ఆ మాట నాకంటే ఉప్పాడ వారికే బాగా అర్థమవుతుంది. విచ్చలవిడి వేట వల్ల కొన్ని జాతులు తీవ్రంగా తగ్గిపోతున్నాయని ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో తమ 'లౌదాతో సి' విశ్వలేఖలో హెచ్చరించారు.

తీరం విచారణలలోని పెద్దలకు ఒక మనవి. మే నెల ఆఖరి ఆదివారం కానుకలో కొంత నోటు పుస్తకాలకు తీసిపెట్టండి. ఏ మతం ఇల్లని అడగవద్దు. తల్లులారా, పిల్ల చేపల గంప గుమ్మంలోకి వస్తే కొనకండి. అయితే అమ్మే ఆమెను కసరకండి. ఆమె వల వేయలేదు.